మా కారు టైరు ఎందుకలా అరిగింది?

బదిలీ ఉద్యోగుల పిల్లలకు "మీ సొంత ఊరు ఏది?" అన్న ప్రశ్న పెద్ద తలనొప్పి. "మీ ఇంట్లో అట్టపెట్టెలు ఎన్ని?" అని అడిగితే మాత్రం టక్కున చెప్పేస్తాం. మా ఇంట్లో 34. నాన్నది రైల్వే ఉద్యోగం. విజయనగరం, రాయగడ, కోరాపుట్, జగదల్‌పూర్ - ఇవీ మేం చదువుకున్న ఊళ్లు. ఊరు మారినప్పుడల్లా స్కూలు మారింది, స్నేహితులు మారారు, అమ్మ పెంచిన పూలకుండీల్లో సగం ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చింది. మారనిది మా తెల్ల కారు ఒక్కటే. ఈ వ్యాసం ఆ కారు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని నాలుగు టైర్ల గురించి.

మేం అక్కా తమ్ముళ్లం. ఒకరు తొమ్మిదో తరగతి, ఒకరు ఆరో తరగతి. కొలతలు తీసింది ఒకరు, కారు కిందికి దూరింది మరొకరు. దూరింది ఎవరో చొక్కా చూసి అమ్మ కనిపెట్టేసింది.

బస్తర్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడి రోడ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతాం. జగదల్‌పూర్ నుంచి ఎటు బయల్దేరినా అడవే, ఆ తర్వాత ఘాటే. రాయపూర్ దాదాపు 300 కిలోమీటర్లు, దారిలో కేశ్‌కాల్ ఘాట్ మలుపులు. సుక్మా వైపు దర్భా ఘాట్. మన సాలూరు దిగాలంటే కోరాపుట్ దాటాక మళ్లీ కొండ మలుపులే. బైలాడిలా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస - కిరండూల్ లైను మీద రైల్లో విశాఖకు వెళ్తుంది. నాన్నకు ఇక్కడ ఉద్యోగం ఉన్నది ఆ లైను పుణ్యమే. అయినా గీదం రోడ్డు మీద లారీలకు కొదవ లేదు. వానలు వెలిశాక ఆ రోడ్డు పక్క అంచులు ఎర్రమట్టిలోకి విరిగిపోతాయి. ఎదురుగా లారీ వస్తే మన ఎడమ చక్రాలు రెండూ ఆ అంచు దిగి, మళ్లీ ఎక్కాలి. ఎన్నిసార్లు దిగాయో, ఎన్నిసార్లు ఎక్కాయో ఎవరూ లెక్క రాసుకోరు. టైరు మాత్రం రాసుకుంటుంది.

పైగా చుట్టాలు. ఎవరొచ్చినా 38 కిలోమీటర్లు వెళ్లి చిత్రకోట్ జలపాతం చూపించాల్సిందే. మేం పదకొండు సార్లు వెళ్లాం. పన్నెండోసారి మామయ్యావాళ్లు వచ్చినప్పుడు "ఇంద్రావతిని మేం చూశాం, అది కూడా మమ్మల్ని చూసి చూసి విసిగిపోయి ఉంటుంది" అని ఇంట్లోనే ఉండిపోయాం.

ఈ వేసవిలో నాన్నకు విశాఖపట్నం బదిలీ ఆర్డరు వచ్చింది. అక్కడ మాకు రాబోయే క్వార్టరు దగ్గర కారు పెట్టే చోటు లేదు, ఆఫీసు నడిచి వెళ్లేంత దూరం. కారుకు పదకొండేళ్లు నిండాయి. అమ్మేద్దామని నాన్న, అమ్మ అనుకున్నారు. ఆ డబ్బుతో విశాఖలో డబుల్ డోర్ ఫ్రిజ్ కొనాలని అమ్మ ముందే తేల్చేసింది. పక్క క్వార్టరు అంకుల్ తమకే ఇమ్మని అడిగారు. వాళ్లకు ఎనిమిది నెలల పాప ఉంది. పాపను నెలకోసారి రాయపూర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బస్సులో అంత దూరం ఆంటీకి చాలా కష్టంగా ఉంది.

అదే వారం పాత కార్లు అమ్మిపెట్టే ఒకాయన వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి నాన్నకు సలహా చెప్పాడు. "ముందు రెండు కొత్త టైర్లు వేయించండి, వెనకవి ముందుకు వెనక్కు మార్చేయండి, పాలిష్ కొట్టించండి సార్. ఇక ఎవరూ ఏమీ చూడరు." నాన్న తల ఊపారు. అది ఒప్పుకున్నట్టా, విన్నట్టా అన్నది మాకు తెలియలేదు.

కారు పోతోందన్న దిగులుతో మేం దాని చుట్టూనే తిరుగుతున్న రోజులవి. ఎందుకు కొత్త టైర్లు, ఉన్నవాటికేమైంది అని చూడటం మొదలుపెట్టాం.

టైరు మీద గాడులుంటాయి కదా. నీరు బయటికి పోవడానికే అవి. ఆ గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డకట్టల్లాంటివి కనిపిస్తాయి. టైరు అరిగి అరిగి ఆ కట్టలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. కార్ల టైర్లకు ఆ హద్దు 1.6 మిల్లీమీటర్లు. మేం అగ్గిపుల్లను గాడిలోకి దించి, గోరుతో గుర్తు పట్టుకుని, స్కేలు మీద పెట్టి కొలిచాం. ఒక్కో టైరుకు మూడు చోట్ల: బయటి అంచు, మధ్య, లోపలి అంచు. ముందు కుడి టైరు బయట 5, మధ్యలో 5, లోపల 2. ముందు ఎడమది బయట 5, మధ్యలో నాలుగున్నర, లోపల ఒకటిన్నర. నిలబడి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి, ఎందుకంటే మనకు కనిపించేది బయటి అంచే. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి చూస్తేనే లోపలి అంచు కనబడుతుంది.

గాలి తక్కువైతే టైరు బరువంతా రెండు అంచుల మీద పడి, అంచులు రెండూ అరుగుతాయి. గాలి ఎక్కువైతే మధ్యభాగం ఉబ్బి, మధ్యలో అరుగుతుంది. ఎనిమిదో తరగతిలో చదివిన పీడనం పాఠమే ఇది. మా టైర్లలో ఈ రెండూ కాదు. ఒక్క లోపలి అంచే పోయింది. అంటే గాలిది తప్పు కాదు. అదీగాక, గాలి విషయంలో నాన్న చాలా పట్టింపు మనిషి. పొద్దున్నే, కారు కదలకముందే గేజి పెట్టి చూస్తారు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఎంత రాసి ఉందో అంతే కొట్టిస్తారు.

వెనక ఎడమ టైరు మాకు అర్థం కాలేదు. అడ్డంగా చూస్తే మూడు చోట్లా సమానంగానే ఉంది. చుట్టూ తిప్పుతూ చూస్తే మాత్రం ఒకచోట 4, జానెడు దూరంలో రెండున్నర, మళ్లీ 4, మళ్లీ రెండున్నర. చేత్తో తడిమితే గుంతలు గుంతలుగా తగులుతోంది, పొంగనాల పెనం మీద చెయ్యి పెట్టినట్టు. వెనక కుడిది చక్కగా ఉంది.

మేం ఆ అంకెలన్నీ నోటుబుక్కులో బొమ్మ గీసి రాశాం. నాన్న ఆ కాగితాన్ని కాసేపు చూసి, "పదండి" అన్నారు.

గీదం రోడ్డులో ఒక చిన్న షెడ్డు ఉంది. అక్కడి మిస్త్రీని అందరూ చాచా అనే పిలుస్తారు, మేమూ అంతే. కొండాగావ్ వైపు మనిషి. హిందీలో మొదలుపెట్టి హల్బీలోకి జారిపోతాడు, మళ్లీ మా మొహాలు చూసి హిందీలోకి వస్తాడు. నోటుబుక్కు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న మేం అనుకోనిది: "టైర్లు ఒకదాని చోట ఒకటి ఎప్పుడు మార్చారు?" ఎందుకంటే ముందు టైరు వెనక్కు, వెనకది ముందుకు మార్చి ఉంటే, ఒక చక్రం దగ్గరి రోగం ఇంకో చక్రం దగ్గర కనిపిస్తుంది. రోగి ఒక మంచం మీద, చీటీ ఇంకో మంచానికి అన్నమాట. నాన్న డైరీ తీశారు. రైల్వేలో పనిచేసేవాళ్లకు అన్నీ రాసిపెట్టే అలవాటు. 14 నెలల కిందట, 12 వేల కిలోమీటర్ల కిందట మార్చినట్టు ఉంది. "అయితే ఇది ఈ చక్రం చేసిన పనే" అన్నాడు చాచా.

తర్వాత మా ఇద్దరి చేతులూ పట్టుకుని ముందు టైరు మీద పెట్టించాడు. అరచేతిని లోపలినుంచి బయటికి జరిపితే నున్నగా ఉంది. బయటినుంచి లోపలికి జరిపితే రంపం పళ్లలా గీరుకుంది. "గాడీ టైర్ కాట్ రహీ హై" అన్నాడు. బండి టైరును కోసేస్తోందట. చక్రాలు రెండూ తిన్నగా ముందుకు చూడాలి. వాటి ముక్కులు కాస్త పక్కలకు తిరిగి ఉంటే, చక్రం దొర్లుతూనే నేల మీద కొంచెం కొంచెంగా ఈడ్చుకుపోతుంది. ఇంటి వెనక గచ్చు మీద కుర్చీని ఈడిస్తే కాళ్లు ఎలా అరుగుతాయో అలా. ఎంత కొంచెం అంటే కంటికి కనపడదు. మేం చక్రం చుట్టూ దారం చుట్టి కొలిస్తే 180 సెంటీమీటర్లు వచ్చింది. అంటే రాయపూర్ చేరేలోపు ఒక్కో చక్రం లక్షా అరవై వేల పైన సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ఆవగింజంత ఈడ్పు.

అలైన్‌మెంటు చేయిస్తే సరిపోతుందా అని నాన్న అడిగారు. చాచా కారును జాకీ మీద ఎత్తి, ముందు చక్రాన్ని పట్టుకుని ఊపాడు. కింద టక్ టక్ మని చప్పుడు. లోయర్ ఆర్మ్ దగ్గరి రబ్బరు బుష్షు పగిలిపోయింది. అది మార్చకుండా అలైన్‌మెంటు చేయించడమంటే వదులుగా ఉన్న మేకుకు పటం తిన్నగా తగిలించడమే. షెడ్డులో తిన్నగా ఉంటుంది, మొదటి గుంతకే మళ్లీ ఒరిగిపోతుంది.

ఇక వెనక ఎడమ. చాచా డిక్కీ మూల మీద బరువంతా వేసి మూడుసార్లు కిందికి నొక్కి వదిలేశాడు. కారు పైకి లేచింది, దిగింది, లేచింది, దిగింది, ఇంకోసారి లేచింది. కుడి మూల నొక్కితే ఒకసారి లేచి బుద్ధిగా ఆగిపోయింది. "షాకర్ బైఠ్ గయా." ఇక్కడ షాక్ అబ్జార్బర్‌ను షాకర్ అంటారు. మన వైపు షెడ్లలో షాకులు అంటారు. ఎలా పిలిచినా అది చేసే పని చాలామంది తప్పుగా అనుకుంటారు. కారు బరువును మోసేది షాకరు కాదు, స్ప్రింగు. కానీ స్ప్రింగుకు ఆగడం తెలియదు. ఒకసారి నొక్కితే ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది షాకరు. అందులో నూనె ఉంటుంది, సన్నని రంధ్రాలున్న పిస్టను ఉంటుంది. హోలీ పిచికారీని మెల్లగా నొక్కితే సులువుగా దిగుతుంది, గట్టిగా నొక్కితే ఎదురు తిరుగుతుంది చూడండి, అలాగే. ఊపులోని శక్తి నూనెను వేడెక్కించడంలో ఖర్చైపోతుంది. అందుకే దూరం వెళ్లొచ్చిన కారు షాకరు వెచ్చగా ఉంటుంది.

నొక్కి చూసే పరీక్ష ఒక్కటే చాలదని కూడా చాచా చెప్పాడు. కొన్ని షాకర్లు ఆ పరీక్షలో పాసైపోయి రోడ్డు మీద ఫెయిలవుతాయి. అందుకే కిందికి దూరి చూడాలి. దూరాం. కుడి షాకరు మీద పొడి ఎర్రదుమ్ము మాత్రమే ఉంది, ఊదితే ఎగిరింది. ఎడమ దాని మీద అదే దుమ్ము తడిసి, కుంకుమలో నూనె కలిపినట్టు ముద్దగా అంటుకుని ఉంది. సీలు పోయి నూనె కారుతోందన్నమాట. బస్తర్ ఎర్రమట్టిని అమ్మ నాలుగేళ్లుగా తిడుతూనే ఉంది, ఉతికినా పోదని. ఆ ఒక్కరోజు మాత్రం అది పనికొచ్చింది.

మరి షాకరు పోతే టైరు మీద గుంతలెందుకు? ఇది మాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. గతుకు తగలగానే చక్రం పైకి ఎగురుతుంది. షాకరు మంచిదైతే వెంటనే నేలకు అదిమి పెడుతుంది. లేకపోతే చక్రం బంతిలా చిన్న చిన్న గెంతులు వేస్తూ పోతుంది. గెంతి దిగిన ప్రతిచోటా రబ్బరు కాస్త రాసుకుపోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో మా చక్రం సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. గెంతులు, తిరుగుళ్లు కలిసి నడిచేసరికి కొన్ని చోట్లే మళ్లీ మళ్లీ రాసుకుని గుంతలవుతాయి. ఆ తర్వాత ఆ గుంతలే చక్రాన్ని గెంతిస్తాయి. వెనక సీట్లో కూర్చున్నప్పుడు వినిపించే "గుంయ్" మన్న మోత, వేగం పెరిగితే పెరిగే మోత, అదే. అది ఇంజను చప్పుడని ఇన్నాళ్లూ ఇంట్లో అందరూ అనుకున్నారు. కొత్త షాకరు వేసినా ఆ పాత టైరు ఉన్నంతవరకు మోత పోదట.

దీనికి నాన్న ఇంకో సంగతి చెప్పారు. బ్రేకు గట్టిగా పడి రైలు చక్రం పట్టాల మీద జారితే ఒకచోట చదునవుతుంది, ఇక తిరిగినప్పుడల్లా ఆ చోట దబ్ దబ్ మంటుంది. రైలు చక్రాలను గేజితో కొలుస్తారు, అరిగిన చక్రాన్ని లేతు మీద చెక్కి మళ్లీ గుండ్రంగా చేస్తారు. టైరుకు ఆ అదృష్టం లేదు. గాలి టైరుకు 1845లోనే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నా, అందరి దాకా వచ్చింది 1888లో డన్‌లప్ వల్ల. ఆయన పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల మీద ఎగరకుండా రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. బస్తర్ దసరా రథాన్ని చూసినప్పుడు మాకు ఈ కథ గుర్తొస్తుంది. ఏటా కొత్తగా చేసే అంత పెద్ద కొయ్యరథానికి రబ్బరూ లేదు, షాకరూ లేదు. లాగేది మనుషులు కాబట్టి సరిపోతోంది. 60 వేగంతో వెళ్తే తెలిసేది.

నవ్వుకుంటూ వింటున్నవాళ్లం చాచా ఆఖరి మాటతో ఆగిపోయాం. గెంతే చక్రం గాల్లో ఉన్నంతసేపు బ్రేకు కూడా గాల్లోనే ఉన్నట్టు. ఒక్కో టైరు నేలను తాకేది అరచేతి మందం చోటే. బ్రేకు, స్టీరింగు, అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఆధారం. వానలో, ఘాట్ దిగుతూ, మలుపులో బ్రేకు వేస్తే... అని చాచా వాక్యం పూర్తి చేయలేదు. చెయ్యి మాత్రం పక్కకు ఊపాడు.

ఇంటికొచ్చాక నాన్న లెక్క వేశారు. వెనక షాకర్లు జతగా మార్చాలి, ఒక్కటే మారిస్తే రెండు వైపులా వేర్వేరుగా పనిచేస్తాయి. ముందు రెండు ఆర్ములు, మూడు టైర్లు, చివర అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు. మొత్తం 20 వేలకు దగ్గరైంది. బ్రోకరు చెప్పినట్టు చేస్తే అందులో సగం కూడా కాదు. పైగా కొత్త టైర్లు వేశాక ఏ మిస్త్రీ కూడా తడిమి కనిపెట్టలేడు. అరిగిన టైరే పోయాక ఇక చెప్పేదేముంది?

రాత్రి అన్నాల దగ్గర మేమే ఎత్తాం. "నాన్నా, పాపను రాయపూర్ తీసుకెళ్లేది ఆ కారులోనే కదా."

నాన్న మాట్లాడలేదు. అమ్మ కాసేపు ఆగి, "పప్పు వేసుకోండి" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, అక్కడినుంచే "సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఎంతలో వస్తుంది?" అని అడిగింది.

మర్నాడు ఆదివారం. నాన్న అంకుల్‌ను పిలిచి కారు దగ్గర నిలబెట్టారు. మా నోటుబుక్కు చేతికిచ్చారు. అంకుల్ వంగి, ముందు టైరును బయటినుంచి లోపలికి తడిమి, చెయ్యి వెనక్కు తీసుకున్నారు. ఆంటీ పాపను ఎత్తుకునే వచ్చి వెనక టైరు గుంతలు చూసింది. "భయ్యా, ఇదంతా చెప్పకపోయినా మేం కొనేవాళ్లం" అన్నారు అంకుల్. "తెలుసు" అన్నారు నాన్న. అంతే, దాని మీద ఇంకేమీ మాట్లాడుకోలేదు. షాకర్లు, ఆర్ములు నాన్న వేయించేటట్టు, టైర్ల డబ్బు అంకుల్ పెట్టుకునేటట్టు ఒప్పుకున్నారు. బ్రోకరుకు ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. ఆయన మా గురించి ఏమనుకున్నాడో గానీ, నాన్న మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

పని జరిగిన వరసను మేం పక్కనుండి చూశాం. ముందు ఆర్ములు, షాకర్లు. తర్వాత టైర్లు. అన్నిటికన్నా చివర అలైన్‌మెంటు. అక్కడ చక్రాలకు అద్దాల్లాంటి పలకలు బిగించి, కంప్యూటరు తెర మీద అంకెలు చూపించారు. తేడా ఉన్నవి ఎరుపు, సరైనవి పచ్చ. ముందు చక్రాల అంకెలు ఎరుపునుంచి పచ్చకు మారడం మేం కళ్లారా చూశాం. కొత్త టైరు పక్కన నాలుగంకెల కోడు ఎలా చదవాలో కూడా అక్కడే నేర్చుకున్నాం. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షాపులో కొత్తగా మెరిసే టైరు కూడా గోదాములో మూడేళ్లు పడుకుని ఉండొచ్చు. కాబట్టి డబ్బిచ్చే ముందే చదవాలి. మేం చదివాం, ఒకదాన్ని మార్పించాం.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నిశ్శబ్దం. ఆ గుంయ్ మన్న మోత లేకపోయేసరికి చిన్నవాడికి నిద్ర పట్టలేదట. వాడు నాలుగేళ్లుగా దాన్నే జోలపాటగా పెట్టుకుని పడుకునేవాడు.

మా సామాను లారీలో వెళ్లింది, మేం కిరండూల్ - విశాఖ రైల్లో వచ్చేశాం. కారు జగదల్‌పూర్‌లోనే, మేం ఉన్న క్వార్టరు పక్కనే ఉంది. నోటుబుక్కులోని ఆ పేజీని ఆంటీ అడిగి తీసుకుంది. నెలకోసారి పాపను రాయపూర్ నుంచి తీసుకొచ్చిన మర్నాడు నాలుగు టైర్లూ తడిమి, మాకు ఫోన్ చేస్తోంది. ముందువి రెండూ రెండు వైపులకూ నున్నగానే ఉన్నాయట. వెనక కుడిది, మనం మార్చనిది, ఒకచోట కొంచెం తేడాగా తగిలిందట. అగ్గిపుల్ల పెట్టి కొలిచి చెప్పమన్నాం.